మంత్రి గారూ, హోమ్‌స్కూలింగ్ గురించి ఇప్పటిదాకా పేపర్లే మాట్లాడాయి, ఇక మీరు మాట్లాడండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రాజమండ్రిలో ఉంటాను. 2022 జూన్‌లో మా అమ్మాయిని నాలుగో తరగతికి పంపకుండా రెండేళ్లు ఇంట్లోనే ఉంచి చదివించాను, 2024లో మళ్లీ బడిలో వేశాను. ఇప్పుడు బాగానే చదువుకుంటోంది. హోమ్‌స్కూలింగ్ మంచిదా చెడ్డదా అని వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అంత పెద్ద నిర్ణయం నేను దేన్ని నమ్మి తీసుకున్నానో మీకు తెలియాలని రాస్తున్నాను. నేను నమ్మింది ఒక ఆదివారం అనుబంధంలో వచ్చిన రెండు పేజీల కథనాన్ని.

ఆ కథనం ఇప్పటికీ నా దగ్గర ఉంది, కత్తిరించి పెట్టుకున్నాను. మామిడి చెట్టు కింద చాప మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుకుంటున్న పాప ఫొటో, పక్కన నవ్వుతున్న అమ్మానాన్న, "బడి గంట లేదు, భయం లేదు" అని శీర్షిక. అప్పుడు కరోనా సెలవులు అయిపోయి బడులు తెరిచిన కొత్త. మా పాప రోజూ పొద్దున కడుపునొప్పి అని ఏడ్చేది, స్కూల్లో మూడో తరగతి పిల్లలకు కూడా స్టడీ అవర్స్ పెట్టారు, నేను రాత్రిళ్లు నిద్రపోయేదాన్ని కాదు. అలాంటి టెన్షన్‌లో ఉన్న తల్లి చేతికి ఆ ఫొటో వస్తే ఏం చేస్తుంది? రాసిన విలేకరి అబద్ధం రాశారని నేను అనను. ఆ కుటుంబం నిజం, ఆ పాప సంతోషం నిజం. కానీ నాకు కావాల్సినవి చాలా అందులో లేవు, లేవన్న సంగతి కూడా అది చదివేటప్పుడు నాకు తట్టలేదు.

ఉదాహరణకు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 10వ సెక్షన్ ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇంత శిక్ష అని ఆ చట్టంలో లేదు. ఇంట్లో చదివించుకోవచ్చు అని కూడా లేదు, తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకు మాత్రం 2012 సవరణలో ఇంటి దగ్గరే చదువుకునే హక్కు ఇచ్చారు. మిగతా పిల్లల సంగతి? 2012లోనే ఢిల్లీ హైకోర్టులో ఒక కేసు నడుస్తుంటే, తల్లిదండ్రులు ఇష్టపడి ఇంట్లో చదివించుకుంటే ఈ చట్టం అడ్డు రాదని కేంద్ర మానవ వనరుల శాఖ అఫిడవిట్ వేసింది, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచి మాలాంటి వాళ్లం ఆ మధ్యలోనే వేలాడుతున్నాం. నేను చదివిన కథనంలో ఇదంతా ఒక్క వాక్యంలో తేల్చేశారు: "మన దేశంలో హోమ్‌స్కూలింగ్‌కి అడ్డేమీ లేదు." ఆరు నెలల తర్వాత మరో పత్రికలో ఇంకో కథనం చూశాను, అందులో "హోమ్‌స్కూలింగ్ చట్టవిరుద్ధం" అని అంతే ధీమాగా రాసి ఉంది. రెండింటిలోనూ విద్యాశాఖ అధికారి మాట ఒక్కటి లేదు.

ఇంకో విషయం, స్టడీ సర్టిఫికెట్లు. గ్రూప్స్ రాసిన ఇంట్లో అడగండి, 4 నుంచి 10వ తరగతి వరకు ఎక్కడెక్కడ చదివామో కాగితాలు పట్టుకుని పాత బడుల చుట్టూ ఎలా తిరిగారో చెబుతారు. ఆ ప్రభుత్వ ఉద్యోగాలకు లోకల్ ఎవరు, నాన్ లోకల్ ఎవరు అన్నది వాటి మీదే తేలుతుంది. బడిలో చదవని ఏళ్లకు తహశీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపించుకోవాలి. నేను సరిగ్గా నాలుగో తరగతి నుంచే పాపను బడి మాన్పించాను. ఈ సంగతి నాకు చెప్పింది కలెక్టరేట్‌లో పనిచేసే మా పెదనాన్న కొడుకు, అదీ ఏడాదిన్నర గడిచాక. తెలుగులో హోమ్‌స్కూలింగ్ మీద నేను చదివిన ఏ కథనంలోనూ ఈ మాట కనపడలేదు. రాసేవాళ్లు ఎక్కువగా బెంగళూరు, పుణె కుటుంబాల కథలు తీసుకుని రాస్తారు, మన దగ్గర మాత్రమే ఉండే ఈ చిక్కు వాళ్లకు తట్టదు.

బడికి తిరిగి పంపుదామనుకున్నప్పుడు ఒక ప్రైవేట్ స్కూల్లో టీసీ లేదు, రికార్డ్ షీట్ లేదు, రెండేళ్లు గ్యాప్ ఉంది, కావాలంటే నాలుగులోనే వేస్తాం అన్నారు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్‌లో ఉందని అప్పటికి నాకు తెలియదు. మా వీధి చివర మునిసిపల్ హైస్కూల్ హెడ్మాస్టర్ గారు ఆ సెక్షన్ చూపించి, పాప చేత నాలుగు లెక్కలు చేయించి, ఆరో తరగతిలో కూర్చోబెట్టారు. ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. కానీ అలాంటి హెడ్మాస్టర్ దొరకడం నా అదృష్టం, నా హక్కు ఏమిటో నాకు తెలిసి జరిగింది కాదు.

ఈ మూడు నాలుగేళ్లలో హోమ్‌స్కూలింగ్ మీద ఏం కనిపించినా చదివాను, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ. చదవగా చదవగా నాకు అర్థమైంది ఒకటుంది, ఈ కథనాలు మనకు సమాచారం ఇవ్వడం కంటే మనల్ని ఒక పక్కకు లాగడానికే ఎక్కువ కష్టపడతాయి. 2016లో ముంబై అమ్మాయి పది, పన్నెండు పాసవకుండానే అమెరికాలో ఎంఐటీలో సీటు సంపాదించిందని దేశమంతా రాశారు. శీర్షికల్లో "సర్టిఫికెట్లు లేకుండా ఎంఐటీకి" అని పెట్టారు. ఆ అమ్మాయి అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చుకుందన్నది కథలో ఎక్కడో కిందకు వెళ్లిపోయింది. పన్నెండో తరగతి లేదు కాబట్టి మన ఐఐటీల తలుపు ఆమెకు తెరుచుకోలేదన్నది ఇంకా కిందకు. అలాగే హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లోనే చదివి 8 ఏళ్లకే పదో తరగతి పూర్తి చేసిందని మన పత్రికలన్నీ రాశాయి. ఆమె రాసింది ఇంగ్లండ్‌కు చెందిన కేంబ్రిడ్జి బోర్డు పరీక్ష. మామూలు ఇంటి పిల్లలకు దారి బడికి వెళ్లకుండానే పరీక్షలు రాసే ఓపెన్ స్కూల్, అందులో పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. ఇవి తెలియకుండా చదివితే ప్రతి తల్లికీ తన పిల్ల కూడా అలాగే అవుతుందనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఇంట్లో చదువు మొదలుపెట్టి ఏడాదికే చేతులెత్తేసిన కుటుంబం ఫొటో ఏ అనుబంధంలోనూ రాదు. ఉద్యోగం మానేసిన తల్లి జీతం ఎంత పోయిందో కూడా ఎవరూ అడగరు. నాకు నెలకు 22 వేలు పోయింది.

"పరిశోధనల్లో తేలింది" అన్న మాట కూడా అంతే. అమెరికాలో హోమ్‌స్కూలింగ్ 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, అక్కడి లెక్కలే ఇక్కడ ఎక్కువగా వాడతారు. 1999లో అక్కడ 20,760 మంది హోమ్‌స్కూల్ పిల్లల మార్కులతో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, మార్కులు చాలా గొప్పగా ఉన్నాయి. ఆ పిల్లలు ఎవరంటే, ఒక సంస్థ దగ్గర డబ్బు కట్టి పరీక్షలు రాయించుకున్న కుటుంబాల పిల్లలు. బడి కంటే ఇంటి చదువు మేలు అని ఈ అధ్యయనం రుజువు చేయడం లేదని రాసిన పరిశోధకుడే అందులో చెప్పాడు. ఆ హెచ్చరిక మాత్రం సముద్రం దాటి మన దగ్గరకు రాలేదు.

వ్యతిరేకంగా రాసేవాళ్లు కూడా ఇదే దారిలో వెళ్తారు. 2020లో హార్వర్డ్ మ్యాగజైన్ హోమ్‌స్కూలింగ్ ప్రమాదాల మీద ఒక వ్యాసం వేసింది. దానికి గీసిన బొమ్మలో పుస్తకాలతో కట్టిన ఇల్లు, కిటికీ ఊచల వెనక ఒక పాప, బయట ఆడుకుంటున్న పిల్లలు. ఆ బొమ్మలో లెక్కల పుస్తకం మీద ఇంగ్లిష్ స్పెల్లింగ్ తప్పు పడింది, హోమ్‌స్కూల్ తల్లిదండ్రులు దాన్ని పట్టుకుని తిరగబడ్డారు. వ్యాసంలో పిల్లల భద్రత గురించి అడిగిన అసలు ప్రశ్న అటూ ఇటూ గోలలో కలిసిపోయింది. మన దగ్గరా అంతే. అనుకూలంగా రాసేవాళ్లు "బడి నాలుగు గోడల మధ్య బందీ అయిన బాల్యం" అంటారు, వ్యతిరేకంగా రాసేవాళ్లు "ఇంటి నాలుగు గోడల మధ్య బందీ అయిన బాల్యం" అంటారు. గోడలు అవే, మాట అదే, మనసు మెలిపెట్టడం కూడా అదే.

2023లో ఒక విలేకరి మా ఇంటికి కూడా వచ్చారు. మర్యాదస్తురాలు, ఓపిగ్గా మాట్లాడింది. మా పాప ఆ రోజు పదిహేడో ఎక్కం రాక విసుక్కుంటోంది, నేను వంటింట్లోంచి అరుస్తున్నాను, అదే మా ఇంటి అసలు చదువు. ఫొటో మాత్రం డాబా మీద మొక్కలకు నీళ్లు పోస్తూ తీశారు. కథనం అచ్చయ్యాక ముగ్గురు తల్లులు నాకు ఫోన్ చేశారు, మేమూ మాన్పించేస్తాం, ఎలా మొదలుపెట్టాలో చెప్పండి అని. నాకు చేతులు వణికాయి. నేను ఎలా నమ్మానో వాళ్లూ అలాగే నమ్మారు, ఈసారి ఫొటోలో ఉన్నది నా కూతురు. ఆ విలేకరికి ఫోన్ చేసి అడిగితే ఆమె ఒక మాట చెప్పింది, నేను మర్చిపోలేను: "మేడమ్, డిపార్ట్‌మెంట్‌లో ఎవర్ని అడిగినా మాకు ఆదేశాలు లేవు అంటున్నారు, నేను ఇంకేం రాయను?"

అందుకే ఈ ఉత్తరం పత్రికల వాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను. మీ శాఖ నోరు విప్పని చోట ఫొటోలూ కన్నీళ్లూ మాట్లాడుతున్నాయి. ఒక స్పష్టమైన సర్క్యులర్ తెలుగులో ఇవ్వండి, రెండు పేజీలు చాలు. ఇంట్లో చదివించుకోవచ్చో లేదో మీ ప్రభుత్వం ఏమనుకుంటోందో అందులో చెప్పండి, కుదరదు అంటే కుదరదనే చెప్పండి, మాకు అదీ మేలే. కుదురుతుంది అంటే ఎవరికి తెలియజేయాలి, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు ఏడాదికి ఎన్నిసార్లు వచ్చి పిల్లను చూస్తారు, మళ్లీ బడికి రావాలంటే ఏ కాగితం చాలు, ఓపెన్ స్కూల్‌కి ఏ వయసు, స్టడీ సర్టిఫికెట్ బదులు ఏం పెట్టుకోవాలి, ఇవి రాయండి. కేంద్ర చట్టం మీ చేతిలో లేదని నాకు తెలుసు, కానీ ఓపెన్ స్కూల్ సొసైటీ మీదే, ఎంఈఓలు మీ వాళ్లే. రాష్ట్రంలో ఇలా ఎంతమంది పిల్లలున్నారో లెక్క తీయండి. లెక్క ఉంటే, ఒక్క పాప కథ రాసే విలేకరి కూడా పక్కన ఆ సంఖ్య రాయక తప్పదు, చదివే తల్లికి తన బిడ్డ ఎక్కడ నిలబడుతుందో కొంచెమైనా తెలుస్తుంది.

ఇంట్లో చదివించే తల్లిదండ్రుల్లో కొందరికి ఈ ఉత్తరం నచ్చదు, ప్రభుత్వం మన గుమ్మంలోకి ఎందుకు అంటారు. నేనూ మొదట్లో అలాగే అన్నాను. 2023 జూలైలో బడి బయట పిల్లల సర్వేకు క్లస్టర్ రిసోర్స్ పర్సన్ ఒక మేడమ్ మా ఇంటికి వచ్చినప్పుడు నాకు కోపం వచ్చింది, మా పిల్ల చదువుకుంటోంది, పుస్తకాలు చూడండి అని బీరువా తెరిచి చూపించాను. ఆమె అన్నీ చూసింది, పాపతో మాట్లాడింది, మంచినీళ్లు తాగింది. తర్వాత మెల్లగా తన కాగితం చూపించింది. మా పాప పేరు కింద ఉన్న పేరు పక్క వీధిలో అమ్మాయిది, పదకొండేళ్లు, తల్లి పనికి వెళ్తే చంటి తమ్ముణ్ణి చూసుకుంటూ రెండిళ్లలో అంట్లు తోముతోంది. వాళ్ల అమ్మ కూడా మేడమ్‌కి నాలాగే చెప్పిందట, ఇంట్లోనే చదివిస్తున్నాం అని. ఇద్దరు పిల్లల పేర్లూ ఒకే జాబితాలో, ఒకే గడిలో ఉన్నాయి. వేరే గడి లేదమ్మా, నేనేం చేయను అందామె.

మంత్రి గారూ, ఆమె చేతిలోని ఆ కాగితం మార్చండి. మా పాపకు ఒక గడి, ఆ పాపకు ఒక గడి పెట్టించండి. ఆ పిల్ల ఇంకా బడికి రాలేదు, మొన్న కూడా రైతుబజార్ దగ్గర చూశాను, చంకలో తమ్ముడు ఉన్నాడు.

ఇట్లు,
రాజమండ్రి నుంచి ఒక అమ్మ