యూవెల్మ్ సత్రం లెక్కలు

ఒరేయ్ రఘూ,

ఫోన్‌లో చెబుదామంటే నీకు సగంలో ఇంకో కాల్ వస్తుంది. అందుకే ఉత్తరం.

మొన్న శనివారం ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో యూవెల్మ్ అనే పల్లెకి వెళ్లాను. చర్చి పడమటి గుమ్మం దాటి మెట్లు దిగితే తిన్నగా సత్రంలో పడతాం. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు, అచ్చం మన మండువా లోగిలే. పక్కనే ఇటుకల బడి. 1437లో సఫోక్ ప్రభువు విలియం, ఆయన భార్య ఆలిస్ పెట్టిన ధర్మం ఇది. ఈ ఆలిస్ పాతకాలం ఇంగ్లీషు కవి చాసర్‌కి మనవరాలు. పదముగ్గురు పేదలకి నీడ, ఇద్దరు ప్రీస్టులు, వాళ్లలో ఒకాయన బడిపంతులు. తమ రైతుల పిల్లలకి ఫీజు లేకుండా చదువు చెప్పాలని రూలు. ఆ బడిలో ఇప్పటికీ చిన్నపిల్లలు చదువుతున్నారు!

సత్రం పాత కాగితాలు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్ల బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. మన సత్రాలకి మాన్యం రాసినట్టే రామ్రిడ్జ్, కోనాక్, మార్ష్ గిబ్బన్ అనే మూడు ఎస్టేట్లు రాసిచ్చారు. ఒక్కో పేదకి వారానికి 14 పెన్నీలు, అంటే రోజుకి 2. అప్పట్లో పొలం కూలి సుమారు 4 పెన్నీలు. ఊరికే పెట్టారనుకోకు. రోజూ పూటపూటకీ దాతల ఆత్మశాంతికి ప్రార్థన చెయ్యాలి, ఎగ్గొడితే డబ్బు కోత. వాళ్లలోనే ఒకడు పెద్ద, వాడికి 16 పెన్నీలు. ఆ ఎక్కువ రెండు పెన్నీలకి మిగతా పన్నెండుమంది చేత ఎన్ని మాటలు పడ్డాడో పాపం.

1450లో విలియం తల సముద్రం మీద పడవలోనే నరికేశారు. ఆలిస్ 1475 దాకా బతికింది. 1466లో ఆవిడ ఇక్కడికి తెప్పించుకున్న సామాను జాబితా కూడా ఉందిరా, పుస్తకాలతో సహా.

ఆవిడ సమాధి చూడాలి నువ్వు. పైన కిరీటంతో ప్రశాంతంగా పడుకున్న బొమ్మ. కింద రాతి జాలీ వెనక ఎముకల గూడులాంటి శవం బొమ్మ, అదీ ఆవిడే. ఆ శవం బొమ్మకి పైనున్న కప్పు మీద రంగుల్లో దేవదూతా మేరీ మాతా. నేల మీద పడుకుంటేగాని కనబడవు. నేను పడుకున్నాను. అటుగా వచ్చిన పెద్దావిడ కళ్లు తిరిగి పడ్డాననుకుని కంగారుపడింది.

అన్నట్టు, మీ తాతగారి ట్రంకుపెట్టెలో సత్రం చిట్టాలు ఉండేవి కదా, బియ్యం లెక్కలవీ? పాత పేపర్లవాడికి వేసెయ్యలేదు కదరా? ఉంటే ఫోటోలు తీసి పంపు. అట్టలు కూడా తియ్యి.

నీ,
సూరి