అరెకరం అమ్మకురా సుబ్బూ

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సుబ్బూ,

పక్షవాతం (స్ట్రోక్) వచ్చి చెయ్యి పడిపోయిన అన్నయ్యకి మూలకణాల వైద్యం చేయిద్దామని నిన్న నువ్వు పంపిన వీడియో మొత్తం చూశాను. చక్రాల కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేసిన ఆ పెద్దాయన్నయితే రెండుసార్లు చూశాను. ఆ తర్వాత నువ్వు ఫోన్ చేసి "కాలవగట్టు అరెకరం బేరం పెట్టానురా, నువ్వొక్కసారి ఊ అంటే మిగతాది నేను చూసుకుంటా" అన్నావు. నేను ఊ అనలేదు, ఊహూ అనీ అనలేదు. పక్కనే వదిన ఉందని నీ గొంతులోనే తెలిసిపోతోంది. అందుకే ఈ ఉత్తరం. అసలు మాట ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకుందువుగాని. అమ్మకు.

బయోటెక్నాలజీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, రకరకాల కణాలుగా మారగల ఆ మూలకణాలంటే (స్టెమ్ సెల్స్) నాకు చేదేం కాదు. ఏటా పిల్లలకి ఆ పాఠం చెప్పేటప్పుడు నాకే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అన్నయ్య తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోంచి కణాలు వేరుచేసి, సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి ఎక్కిస్తామంటున్నారు చూడు, అదేం కొత్త సంగతి కాదురా. మన దేశంలోనే చేసి చూశారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో కామేశ్వర్ ప్రసాద్ గారి ఆధ్వర్యంలో, ఐదు ఆసుపత్రుల్లో, 120 మంది రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మనిషికి సగటున 28 కోట్ల కణాలు ఎక్కించారు. రెండో జట్టుకి మామూలు వైద్యమే. ఆర్నెల్లు ఆగి కొలిస్తే రెండు జట్లకీ తేడా కనపడలేదు. ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు. 2014లోనే అచ్చయింది ఆ ఫలితం. పైగా వాళ్ళలో చాలామందికి స్ట్రోక్ వచ్చిన రెండు మూడు వారాలకే ఎక్కించారు. అన్నయ్యకి ఇప్పుడు ఏడో నెల.

"నరంలోకి కాకుండా నేరుగా మెదడులోనే పెడితే?" అంటావు, నాకు తెలుసు. అదీ అయింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో గ్యారీ స్టైన్‌బర్గ్ అనే న్యూరోసర్జన్ పుర్రెకి చిన్న కన్నం పెట్టి, ఎస్‌బీ623 అనే కణాల్ని దెబ్బతిన్న చోటు చుట్టూ పెట్టాడు. 18 మందికి. 2016లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు మా స్టాఫ్ రూములో నేనే పైకి చదివి అందరికీ టీ ఇప్పించాను. ఇక మారదనుకున్న వాళ్ళలో మార్పు కనిపించింది మరి. తర్వాత 163 మందితో పెద్ద పరీక్ష పెట్టారు. ఈసారి ఎవరికి కణాలు పెట్టారో, ఎవరికి కణాల్లేకుండా ఉత్తుత్తి ఆపరేషన్ చేశారో రోగికీ తెలీదు, కొలిచే డాక్టరుకీ తెలీదు. 2019 జనవరిలో చల్లగా చెప్పారు, అనుకున్న ఫలితం రాలేదని. ఆ టీ డబ్బులు దండగేరా.

నీ వీడియోలో పెద్దాయన నడవడం అబద్ధమని నేననను. స్ట్రోక్ వచ్చాక మొదటి నెలల్లో చాలామందికి ఎంతోకొంత దానంతటదే తిరిగొస్తుంది. ఆ టైములో ఎవరు ఏం చేసినా పేరు వాళ్ళకే. మా అమ్మకి కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు మా బాబాయి ఎక్కణ్ణించో పావురం రక్తం తెచ్చి రాశాడు, నీకు గుర్తుండే ఉంటుంది. మూడో వారంలో అమ్మ కాలు కదిపింది. ఆయన ఇప్పటికీ ఏ పెళ్ళికెళ్ళినా ఆ పావురం కథే. నువ్వు చూసిన తెల్లకోటాయన ఇంకాస్త ఖరీదైన పావురం అమ్ముతున్నాడు, అంతే.

ఇంకొకటి విను. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకి తప్ప మూలకణాల్ని చికిత్స అని చెప్పి అమ్మకూడదు. మిగతా దేనికి వాడినా అనుమతి తీసుకుని ట్రయల్‌గానే, అంటే పనిచేస్తుందో లేదో చూసే పరీక్షగానే చెయ్యాలి. ట్రయల్లో చేరినవాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. వాళ్ళు నీ దగ్గర అరెకరం ఖరీదు అడుగుతున్నారంటే అది ఏ లెక్కలోకి వస్తుందో నువ్వే చూసుకో.

సరే, వద్దు వద్దు అని చెప్పడానికే కాగితాలు నింపితే నువ్వు ఊరుకోవు. నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, ఇంతవరకూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

అమ్మకి పోయింది కుడి చెయ్యి. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నాక నేను ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. చెల్లాయి జడ వేసేది. మంచినీళ్ళ గ్లాసు కూడా మేమే పట్టేవాళ్ళం. ఇరుగుపొరుగు "కొడుకంటే ఇలా ఉండాలి" అంటుంటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అయిదు నెలలు అలాగే గడిచాయి. ఆ చెయ్యి ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా ఆవిడ ఒళ్ళో పడి ఉండేది. ఒకరోజు దేవుడి గదిలో ఎడం చెయ్యి ఒక్కటే ఎత్తి దణ్ణం పెడుతోంది. కుడిది కొంగు కిందే ఉంది, వేళ్ళు కొద్దికొద్దిగా కదులుతూనే ఉన్నాయి కూడా, కానీ ఆవిడకి ఆ చెయ్యి ఉన్న సంగతే తట్టలేదు. అప్పుడు కొత్తగా చేరిన ఫిజియో అమ్మాయి నన్ను వరండాలోకి పిలిచి "సార్, మీరు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మామ్మగారికి చెయ్యి రాదు, కాలేజీకి వెళ్ళిపోండి" అంది. ఆ రోజు మండిపడ్డాను. రాత్రి కూర్చుని చదివితే ఆ పిల్ల చెప్పిందే నిజం.

ఎడ్వర్డ్ టాబ్ అని ఒక అమెరికన్ సైకాలజిస్టు. కోతి ఒక చేతిలోంచి వెన్నుపాముకి స్పర్శ మోసుకెళ్ళే నరాల్ని కోసేశాడు. కదిలించే నరాలు బాగానే ఉన్నాయి, అయినా కోతి ఆ చెయ్యి వాడటం మానేసింది. బాగున్న చేతిని కట్టేశాడు. ఆకలేసింది, తిండి ఎదురుగా ఉంది, గత్యంతరం లేక ఆ పాడుపడిన చెయ్యే చాపింది. అంటే చెయ్యి మొత్తం చచ్చిపోలేదు, ప్రయత్నించి ప్రయత్నించి విఫలమై, వాడకపోవడమే నేర్చుకుంది. ఆ ప్రయోగాల మీద పెద్ద గొడవే జరిగింది. 1981లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఆయన ల్యాబ్ మీద పోలీసులు పడి 17 కోతుల్ని పట్టుకుపోయారు, కేసు నడిచింది, శిక్ష పడింది, పై కోర్టులో కొట్టేశారు. ఆ కోతుల ఫొటోలు చూస్తే నాకూ కడుపులో తిప్పింది. మంచిది ఇలాంటి చోటు నుంచి కూడా వస్తుందని ఒప్పుకోవడం కష్టంగా ఉంటుంది, కానీ వచ్చింది.

ఆ కోతుల దగ్గర తెలిసింది మనుషులకి తెచ్చారు. బాగున్న చేతికి తొడుగు వేసి, మెలకువగా ఉన్నంతసేపూ దాదాపుగా ఉంచి, రెండు వారాలపాటు రోజుకి గంటల తరబడి పడిపోయిన చేత్తోనే పనులు చేయించడం. ఎక్సైట్ అనే ట్రయల్లో 222 మందిని తీసుకున్నారు, 2006లో ఫలితం అచ్చయింది. తొడుగు వేసుకున్నవాళ్ళ చేతులు స్పష్టంగా మెరుగుపడ్డాయి, ఏడాది తర్వాత కూడా నిలిచాయి. ఇప్పుడు జాగ్రత్తగా విను. అందులో చేరినవాళ్ళందరూ స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలల మధ్యవాళ్ళు. మన అన్నయ్య సరిగ్గా అక్కడే ఉన్నాడు. ఒక మెలిక ఉంది, మణికట్టూ వేళ్ళూ కాస్తయినా పైకి తెరుచుకోవాలి. బొత్తిగా కదలని చేతికి ఇది పనికిరాదు, ఊరికే బాగున్న చెయ్యి కట్టేస్తే మనిషి పడిపోతాడు కూడా.

మెదడులో జరిగేది నీకు కాలవ భాషలో చెప్తే తొందరగా ఎక్కుతుంది. పెద్ద కాలవకి గండి పడితే పక్క బోదెలోంచి నీళ్ళు మళ్ళించుకుంటాం కదా. బోదె ముందునుంచీ ఉన్నదే, పూడిపోయి ఉంది. దాన్ని పారతో తియ్యాలి, మళ్ళీ మళ్ళీ తియ్యాలి. చచ్చిన న్యూరాన్లు (మెదడులోని నరాల కణాలు) తిరిగి రావు, బతికున్న పక్కవాళ్ళు కొత్త కొమ్మలు వేసి ఆ పని నేర్చుకుంటారు. వాడిన దారే వెడల్పవుతుంది.

ఇప్పుడు బయోటెక్నాలజీ వాళ్ళు చేస్తున్నదంతా నాకు ఈ పార చుట్టూనే కనపడుతోంది. జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ అని ఒకాయన, నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరలోనే కొత్త కొమ్మల్ని ఆపేసే పదార్థం ఉందని 1980ల్లోనే చూపించాడు. దాని పేరు నోగో. నిజంగానే "పోకు" అని అర్థం, సైంటిస్టులకి అప్పుడప్పుడూ హాస్యం ఉంటుంది. ఆ నోగోని అడ్డుకునే యాంటీబాడీని స్ట్రోక్ వచ్చిన ఎలుకలకిచ్చి, చెయ్యి వాడే శిక్షణ కూడా ఇచ్చారు. ముందు యాంటీబాడీ, తర్వాత శిక్షణ ఇచ్చిన ఎలుకలు దాదాపు మామూలుగా గింజలు అందుకున్నాయి. రెండూ ఒకేసారి ఇచ్చినవాటికి కొమ్మలు ఎడాపెడా పెరిగి పని చెడింది. 2014లో వచ్చిన ఈ పేపరు నేను ఎన్నిసార్లు చదివానో. ఎరువు ఎప్పుడు వెయ్యాలో, కలుపు ఎప్పుడు తియ్యాలో మీ నాన్నగారు చెప్పేవారు చూడు, అదే.

మాత్రల సంగతి? ఫ్లుయాక్సెటిన్ అని, దిగులుకి వాడే మాత్రే. ఫ్రాన్సులో 118 మందితో పరీక్ష పెడితే ఆ మాత్ర వేసుకున్నవాళ్ళకి కాళ్ళూ చేతులూ బాగా వచ్చాయని 2011లో చెప్పారు. లోకమంతా రాసేసింది. ఆ తర్వాత బ్రిటన్‌లో 3,127 మందిని తీసుకుని, సగం మందికి ఆ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే తేడా ఏమీ లేదు, పైగా అసలు మాత్ర వేసుకున్నవాళ్ళకి ఎముకలు విరగడం ఎక్కువైంది. ఇదీ వరస. చిన్న పరీక్షలో పండగ, పెద్ద పరీక్షలో పస్తు. ఎయిడ్స్ మందు మారవిరాక్ మీద కూడా పని జరుగుతోంది. అది అడ్డుకునే సీసీఆర్5 అనే ప్రొటీన్ జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్నవాళ్ళు స్ట్రోక్ తర్వాత మెరుగ్గా కోలుకున్నారని 2019లో తేలింది. లాస్ ఏంజెలెస్‌లో కార్మైకేల్ బృందం ఎలుకల్లో వ్యాయామం చేసే పనిని మాత్రతోనే చేయించడానికి చూస్తోంది. అదొస్తే అన్నయ్యకంటే ముందు నేనే వేసుకుంటా, నా పొట్ట చూశావుగా.

మనుషుల్లో నిలిచి గెలిచింది ఇంకొకటుంది, అది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఛాతీ చర్మం కింద పేస్‌మేకర్ లాంటి చిన్న యంత్రం పెట్టి, మెడలో వేగస్ నరానికి తీగ కలుపుతారు. రోగి గ్లాసు అందుకుంటాడు, సరిగ్గా ఆ క్షణాన థెరపిస్టు మీట నొక్కుతుంది, అర సెకను పాటు నరంలో చిన్న కరెంటు. "ఇప్పుడు చేశావే, ఇది గుర్తుపెట్టుకో" అని మెదడుకి చెప్పడమన్నమాట. 108 మందితో చేశారు, స్ట్రోక్ వచ్చి తొమ్మిది నెలల నుంచి పదేళ్ళ వరకూ అయినవాళ్ళు. అందరికీ యంత్రం పెట్టారు, సగం మందికే అసలు కరెంటు. అందరి చేతా ఒకే వ్యాయామం. ఆరు వారాల తర్వాత చేతి కదలికల్ని కొలిచే 66 మార్కుల పరీక్షలో కరెంటు ఇచ్చినవాళ్ళకి 5 మార్కులు పెరిగాయి, ఇవ్వనివాళ్ళకి 2.4. 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయిదు మార్కులేనా అంటావు. కొందరికి అది చొక్కా బొత్తాం పెట్టుకోవడానికీ పెట్టుకోలేకపోవడానికీ మధ్య తేడా. ఇంకో సంగతి గమనించావా, కరెంటు లేనివాళ్ళకి కూడా 2.4 పెరిగింది. ఆ 2.4 చెమటదిరా. యంత్రం చెమటని రెట్టింపు చేసింది, దాని బదులు రాలేదు. నాకు ఇందులో ఎక్కడా ఊరికే పడుకుని బాగుపడిన మనిషి కనిపించలేదు.

అలాగని ఇంట్లో మనమే చేసుకుంటే సరిపోతుందా అంటే, అదీ తేలిక కాదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో అటెండ్ అనే ట్రయల్ చేశారు, ఇంట్లోవాళ్ళకే వ్యాయామాలు నేర్పి పంపితే ఎలా ఉంటుందని. 2017లో ఫలితం, తేడా లేదు. నేర్పి వదిలేస్తే చాలదని నేను అర్థం చేసుకున్నాను. అందుకే వారంలో ఆరు రోజులు ఇంటికొచ్చే మంచి ఫిజియోని పెట్టుకో. అరెకరం కాదు, అందులో ఎన్నో వంతుకో అయిపోతుంది. వేలూరు సీఎంసీలో కూడా ఒకసారి చూపిద్దాం. వాళ్ళూ మద్రాస్ ఐఐటీ వాళ్ళూ కలిసి ప్లూటో అని చేతికి వ్యాయామం చేయించే చిన్న రోబో తయారుచేశారు, ఆటలాడిస్తూ వందలసార్లు వేళ్ళు కదిలిస్తుందది. బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర మాత్రం ఎవరెన్ని చెప్పినా డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు.

మా అమ్మ సంగతి పూర్తిచెయ్యలేదు కదూ. ఫిజియో అమ్మాయి ఎదురుగానే కూర్చుని ఎడం చేతికి వంటింటి గుడ్డతొడుగు వేసింది, కుడి చేతి ముందు గోంగూర కట్ట పెట్టింది. మొదటి రోజు అమ్మ ఒక్క ఆకు తుంచడానికి ఏడ్చేసింది, నేను తలుపు వెనక నిలబడి చెల్లాయి చెయ్యి పట్టుకున్నాను. పూర్తిగా రాలేదురా, అబద్ధం చెప్పను. సూదిలో దారం ఇప్పటికీ ఎక్కించలేదు. పచ్చడి జాడీ మూత తిప్పగలదు, తనే కలుపుకుని తింటుంది, కాస్త బట్టల మీద పడుతుంది. ముగ్గు వేస్తే చుక్కలు దారి తప్పుతాయి, "పోనీలే, గీతల్ని తిట్టేవాళ్ళెవరూ లేరుగా" అంటుంది.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్ చేశాను, శనివారం పొద్దున్నే నిడదవోలులో దిగుతాను. ఈలోగా అన్నయ్య చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టించి, వేళ్ళు ఎంత పైకి లేస్తున్నాయో వీడియో తీసి పంపు, డిశ్చార్జి కాగితాలు కూడా. బేరగాడికి వచ్చేవారం చెప్తానను. వదినతో ఒక మాట, రేపటి నుంచి అన్నయ్య గ్లాసు ఆవిడ పట్టొద్దు. సగం నీళ్ళు పోసి కుడిపక్కన పెట్టమను. ఒలికితే ఒలకనీ, నేనొచ్చి తుడుస్తాను.

నీ,
శీను