న్యూ ఇంగ్లండ్‌లో డిస్క్ గోల్ఫ్‌కి ఎక్కడికెళ్ళాలంటే

అందరికీ నమస్తే. వేసవిలో న్యూ ఇంగ్లండ్‌లో, అంటే అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ఏ డిస్క్ గోల్ఫ్ కోర్సుకి (ఆడే మైదానానికి) వెళ్తే బాగుంటుందని చాలామంది అడుగుతున్నారు, అందుకే ఇక్కడే రాసేస్తున్నా. తెలియనివాళ్ళకి: ఇది గోల్ఫ్ లాంటిదే, బంతికి బదులు ప్లాస్టిక్ డిస్క్‌ని వీలైనన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వెయ్యాలి.

ఒక్కదానికే టైముందంటే ఇంకేం ఆలోచించకుండా మసాచుసెట్స్ లీసెస్టర్‌లోని మేపుల్ హిల్‌కి వెళ్ళండి. అది క్రిస్మస్ చెట్లు పెంచే తోట. మొదటి హోల్‌లోనే చెరువు మీదుగా విసరాలి. డిస్క్ గాల్లో ఉన్న ఆ రెండు మూడు సెకన్లు ఎవరికీ నోట మాట రాదు. ఎరుపు, తెలుపు, నీలం, బంగారు రంగు టీలు (డిస్క్ విసరడం మొదలుపెట్టే చోట్లు) ఉన్నాయి. కొత్తవాళ్ళు మొహమాటపడకుండా ఎరుపు నుంచే మొదలుపెట్టండి. డబ్బు కట్టి ఆడాలి కాబట్టి ముందే వెబ్‌సైట్ చూసుకోండి. డిస్క్ వెనక పేరు, ఫోన్ నంబరు రాయడం మాత్రం మర్చిపోకండి.

రెండు రోజులు వీలైతే వెర్మాంట్‌లోని స్మగ్లర్స్ నాచ్ రిసార్ట్‌కి వెళ్ళండి. 2018లో, మళ్ళీ 2023లో ప్రపంచ ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్ జరిగింది అక్కడే. అక్కడ రెండు కోర్సులున్నాయి: బ్రూస్టర్ రిడ్జ్ అంతా అడవి, ఫాక్స్ రన్ మెడోస్ బాగా తెరపిగా ఉంటుంది. నా ఓటు బ్రూస్టర్‌కే, చెట్ల మధ్య సన్నటి దారిలో డిస్క్ నేరుగా దూసుకెళ్తే ఆ ఆనందమే వేరు.

మసాచుసెట్స్‌లోనే బోర్డర్‌ల్యాండ్ స్టేట్ పార్క్ కూడా మంచిదే, కానీ అన్నీ రాళ్ళు. పాత డిస్కులు తీసుకెళ్ళండి.

పిడుదులతో జాగ్రత్త! పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది, ఎక్కువగా దాని కాటుతోనే లైమ్ వ్యాధి వస్తుంది. పొడుగు ప్యాంటు వేసుకోండి, ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చెవుల వెనక చూసుకోండి. పిల్లలకైతే తల కూడా.

మేపుల్ హిల్‌కి ఎవరెవరు వస్తారో చెప్పండి, కార్లు సర్దుకుందాం.