పడవల విరాళం గురించి

అందరికీ నమస్కారం. మత్స్యకార కుటుంబాలకు పడవలు కొనిద్దామని నిన్న చాలామంది రాశారు. మంచిదే, కానీ తొందరపడొద్దు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి దాతల ఫైబర్ పడవలు వెల్లువలా వచ్చాయి. కొన్ని ఊళ్లలో అవసరానికి మించి చేరాయి. హడావుడిగా తయారుచేసిన వాటి నాణ్యత అంతంతమాత్రం.

అంతకు చాలా ముందే, 1980ల్లో, కన్యాకుమారి వైపు ఇంకో దారి పట్టారు. తెప్పలకు కావాల్సిన దుంగల ధర పెరిగిపోతే, మత్స్యకార సంఘాల సమాఖ్య 'సిఫ్స్' సొంత యార్డుల్లోనే ప్లైవుడ్ పడవలు కట్టించింది. మెరైన్ ప్లైవుడ్ (నీటికి తట్టుకునే ప్లైవుడ్) పలకల అంచులకు చిల్లులు పెట్టి, తీగతో కుట్టి, ఆ అతుకుల మీద రెజిన్ అనే గట్టిపడే జిగురుతో ఫైబర్‌గ్లాస్ అతికిస్తారు. పెద్ద మాను అక్కర్లేదు. దెబ్బతింటే దగ్గర్లోనే బాగుచేయించుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కాబట్టి రెడీమేడ్ పడవల బదులు, పనిముట్లకూ, ఊరి కుర్రాళ్లకు పని నేర్పడానికీ డబ్బు పెడదామని నా మాట. మన తాళ్లరేవు వైపు పడవలు కట్టే వడ్రంగులు ఉన్నారు, ముందు వాళ్లను అడుగుదాం. ఆదివారంలోపు మీ అభిప్రాయం రాయండి. దయచేసి మధ్యలో గుడ్ మార్నింగ్ ఫొటోలు పెట్టకండి, అసలు మెసేజ్‌లు పైకి వెళ్లిపోతున్నాయి.