సహజం అన్నావు గనుక

సుమతీ,

ముట్లు ఆగే వయసులో (మెనోపాజ్) వచ్చే వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు, యోని పొడిబారడం అన్నీ ఒకే వాక్యంలో గుక్కతిప్పుకోకుండా రాసేశావు. పైగా చివర్లో "హార్మోన్లు వద్దు, సహజంగా తగ్గే దారి చెప్పు" అని ఒక హుకుం! చెప్తాను గానీ, ముందు ఆ మూటను విప్పి వేటికవి వేరుచెయ్యాలి. ఆవిర్లకు పనికొచ్చేది పొడిబారడానికి పనికిరాదు. అన్నిటికీ ఒకటే సీసా అని ఎవరైనా అమ్మజూపితే అక్కడే అనుమానపడు.

ఆవిర్లతో మొదలుపెడదాం. మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడిని కాపలా కాసే ఏర్పాటుంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గాక అక్కడి కొన్ని నరకణాలు అతిగా చురుకవుతాయి. మునుపు ఒంటి వేడి కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోని మెదడు, ఇప్పుడు రవ్వంత పెరిగినా గాభరాపడి చర్మంలోని రక్తనాళాలను తెరిచేస్తుంది, చెమట పట్టిస్తుంది. ఛాతీ దగ్గర గుప్పుమని మొదలై మెడ మీదుగా ముఖానికి పాకి, 1 నుంచి 5 నిమిషాల్లో దిగిపోయి, వెనకాలే చలి పుట్టిస్తుంది చూడు, అదంతా ఇందుకే. అమెరికాలో ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో, తరచూ ఆవిర్లు వచ్చేవాళ్లలో సగం మందికి 7.4 ఏళ్లకు పైగానే ఉన్నాయని తేలింది. కాబట్టి నాలుగు రోజులు ఓర్చుకుంటే పోతుందిలే అనుకోకు. ఏళ్ల తరబడి చెయ్యగలిగిన పనినే ఎంచుకో.

ఇంకో సంగతి. ఆవిర్ల మందులను పరీక్షించినప్పుడల్లా, మందులేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకు కూడా చాలాసార్లు మూడోవంతు దాకా తగ్గినట్టు కనిపిస్తుంది. "నాకు భలే పనిచేసింది" అని ఎవరో చెప్పినదాన్ని నమ్మలేకపోవడానికి కారణం అదే. నువ్వు ఒక పుస్తకం పెట్టుకుని, ఏదీ మొదలుపెట్టకముందు 2 వారాలు రోజూ ఎన్ని ఆవిర్లు వచ్చాయో, అవి ఎంత ఇబ్బంది పెట్టాయో 0 నుంచి 10 దాకా మార్కులేసి రాసుకో. ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలుపెట్టు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

నార్త్ అమెరికన్ మెనోపాజ్ సొసైటీ 2023లో హార్మోన్లు కాని చికిత్సలన్నిటినీ జల్లెడపట్టింది. అందులో మందులూ ఇంజెక్షన్లూ పక్కనపెడితే నిలిచినవి మూడే: సీబీటీ అనే మాటల చికిత్స, వైద్యపరమైన హిప్నాసిస్, ఎక్కువ బరువుంటే తగ్గడం. యోగా, వ్యాయామం, చల్లదనం, నిదానంగా ఊపిరి పీల్చడం, సోయా, మూలికలు... ఇవేవీ ఆవిర్ల కోసం సిఫారసు చేసేంత రుజువు లేదన్నారు. అలాగని ఫ్యాన్ కట్టేసి కూర్చోమని కాదులే! పల్చటి నూలు బట్టలు పొరలు పొరలుగా వేసుకోవడం, మంచం పక్కన ఫ్యాన్ పెట్టుకోవడం వల్ల నష్టమేమీ లేదు. కాఫీ, మద్యం నీకు ఆవిర్లు తెప్పిస్తున్నాయో లేదో నీ పుస్తకమే చెప్తుంది. తెప్పించకపోతే కాఫీని అనవసరంగా దూరం చేసుకోకు.

సీబీటీతో ఆవిర్ల లెక్క పెద్దగా తగ్గదు, అవి పెట్టే బాధ తగ్గుతుంది. ఇందులో సాధన ఇలా ఉంటుంది. ఆవిరి మొదలవుతున్నట్టు తెలియగానే చేస్తున్న పని ఆపి, భుజాలు వదులు చేసి, పొట్టతో నిదానంగా ఊపిరి వదులు. ఆ క్షణంలో మనసులో ఏం మాట వస్తోందో పట్టుకో. "అందరూ నన్నే చూస్తున్నారు" అనే మాటే గుండె దడను పెంచుతుంది. దాని స్థానంలో "మూడు నిమిషాల్లో దిగిపోతుంది" అనుకో. చాలామంది ఎక్కడ తప్పుతారంటే, ఆవిరి వచ్చినప్పుడు మాత్రమే ప్రయత్నిస్తారు. మామూలుగా ఉన్నప్పుడు రోజుకు రెండుసార్లు అలవాటు చేసుకోకపోతే, అసలు సమయానికి ఊపిరి మాట వినదు.

నిద్ర సంగతి వేరు. రాత్రి నిద్రపట్టక, ఆ లోటు పూడ్చుకుందామని 9 గంటలు మంచం మీదే ఉంటే నిద్ర ఇంకా పల్చబడుతుంది. నువ్వు నిజంగా నిద్రపోయేది 6 గంటలే అనుకుందాం. తెల్లవారి లేచే సమయం 5:30 అని ఖాయం చేసుకుని, రాత్రి 11:30కి ముందు మంచం ఎక్కకు. మంచం మీద గడిపిన సమయంలో 85 శాతం నిద్రే అయినప్పుడు, ఇంకో 15 నిమిషాలు ముందుగా పడుకో. ఎంత తక్కువ నిద్ర పట్టినా మంచం మీది సమయాన్ని మాత్రం 5.5 గంటలకన్నా తగ్గించకు. మెలకువ వచ్చి చాలాసేపు పట్టకపోతే లేచి మసక వెలుతురులో కూర్చో, గడియారం వైపు చూడకు. మొదటి వారం మరీ నరకంలా ఉంటుంది, అందరూ అక్కడే వదిలేస్తారు. ఆ రోజుల్లో బండి నడపకు. మూర్ఛలు, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు లేకుండా ఈ పద్ధతి జోలికి పోకూడదు.

ఇక తినేవి, మింగేవి. సోయాలో ఈస్ట్రోజన్‌ను పోలిన ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలుంటాయి. వాటిని కొందరి పేగుల్లోని బాక్టీరియా ఈక్వాల్ అనే ఇంకాస్త చురుకైన పదార్థంగా మారుస్తుంది, అందరిలోనూ మార్చదు. ఒకరికి కొంత తగ్గి ఇంకొకరికి ఏమీ తగ్గకపోవడానికి ఇదొక కారణమంటారు. ప్రయత్నించాలనుంటే మాత్రల కన్నా సోయా చిక్కుడు, టోఫు మేలు, కనీసం ప్రొటీనైనా ఒంటికి పడుతుంది. 12 వారాలు చూసి, పుస్తకంలో తేడా లేకపోతే ఆపెయ్. అవిసె గింజలు ఆవిర్ల మీద ఉత్తుత్తి మాత్రను మించి పనిచెయ్యలేదు, మలబద్ధకానికైతే మంచివే. పొడి చేస్తేనే ఒంటికి పడతాయి, పొడి త్వరగా కమురు వాసన వస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకో, నీళ్లు బాగా తాగు.

బ్లాక్ కోహోష్ అనే మూలిక బాగా అమ్ముడుపోతుంది. పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు, అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు మాత్రం ఉన్నాయి. వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే ఇంకో మూలిక మరీ మొండిది, గర్భనిరోధక మాత్రల్నీ, రక్తం పల్చబరిచే వార్ఫరిన్‌నీ నీరసపరుస్తుంది. వైల్డ్ యామ్ అనే అడవి దుంపతో చేసిన క్రీములో ప్రొజెస్టరాన్ అనే ఆడ హార్మోను సహజంగా ఉందంటారు చూడు, అది ఒట్టి మాట. ఆ దుంపలోని పదార్థాన్ని ప్రయోగశాలలో ప్రొజెస్టరాన్‌గా మార్చొచ్చు గానీ, మన ఒళ్లు మార్చలేదు.

పొడిబారడం గురించి నువ్వు సిగ్గుపడుతూ ఒక్క ముక్కే రాశావు. నిజానికి ఊరుకోకూడనిది అదే. ఆవిర్లు ఎప్పటికో తగ్గుతాయి, ఇది తనంతట తాను తగ్గడం అరుదు, ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది కూడా. మాయిశ్చరైజర్, లూబ్రికెంట్ రెండూ వేర్వేరు. మొదటిది కలయికతో పనిలేకుండా వారానికి 2, 3 సార్లు రాత్రిపూట లోపల పెట్టుకోవాలి, రెండోది అప్పటికప్పుడు వాడేది. గ్లిజరిన్ ఎక్కువున్నవి కొందరికి మంటపుట్టిస్తాయి. నూనె ఉన్నవాటితో లేటెక్స్ కండోమ్ చిరిగిపోతుంది. సబ్బు లోపలికి వద్దు, వట్టి నీళ్లు చాలు. 2, 3 నెలలైనా మంట తగ్గకపోతే పంతం పట్టకుండా, అక్కడే పెట్టుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ గురించి డాక్టరును అడుగు. అందులోంచి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ.

ఎముకలకు వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం, రోజుకు అన్నీ కలిపి 1200 మిల్లీగ్రాముల కాల్షియం. మాత్ర అవసరమైతే ఒక్కసారికి 500 దాటకు, అంతకు మించితే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది.

12 నెలలు ముట్టు రాకుండా గడిచాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, చిట్కాలన్నీ పక్కనపెట్టి ఆ వారమే పరీక్ష చేయించుకో. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది గానీ, గర్భాశయ క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. నీ చెల్లెలికి 40 రాకుండానే ముట్లు ఆగాయన్నావు, తనకు ఈ ఉత్తరం చూపించి సరిపెట్టకు. ఆ వయసులో ఎముకల కోసం, గుండె కోసం హార్మోన్లు సాధారణంగా అవసరమవుతాయి, తను డాక్టరును కలవాలి.

ఒకసారి థైరాయిడ్ కూడా చూపించుకో, దడ, చెమటలు దానివల్లా వస్తాయి. నువ్వు ఇప్పుడు వాడే మందుల పేర్లన్నీ, బీపీ మాత్రతో సహా, తిరుగు టపాలో రాయి. అవి చూశాక గానీ ఏ మూలిక జోలికీ వెళ్లకు.

నీ
సావిత్రి