ఆరోగ్యమాత పండుగ 2025: జమా ఖర్చుల వివరణ

మన విచారణ (గుడి పరిధి) కుటుంబాలకు, దాని కిందున్న ఐదు ఉప గ్రామాల పెద్దలకు ఆరోగ్యమాత (మరియమాత) పండుగ కమిటీ వందనాలు. ఆగస్టు 29 సాయంత్రం జెండా ఎక్కించినప్పటి నుంచి సెప్టెంబరు 9న హుండీ విప్పేదాకా వచ్చిన డబ్బు, పోయిన డబ్బు కింద రాశాం. విశ్వాసులు ఇచ్చిన కానుకలకు విశ్వాసులకే లెక్క చెప్పాలని తిరుసభ (కథోలిక సంఘం) చట్టం 1287వ నిబంధనలో ఉంది. కాబట్టి ఇందులో కమిటీ చేసే ఉపకారమేమీ లేదు.

ముందు జమ.

నిరుటి నిల్వ: రూ.18,640
కుటుంబ చందాలు: రూ.91,650
ఉప గ్రామాల చందాలు: రూ.34,200
నవదినాలు (పండుగకు ముందు తొమ్మిది రోజుల పూజలు) పెట్టుకున్న కుటుంబాలు, సంఘాలు (9 × 3,000): రూ.27,000
నవదిన పూజల్లో కానుక సంచి: రూ.41,385
పండుగ రోజు కానుకలు: రూ.27,910
హుండీ: రూ.38,472
కొవ్వొత్తుల అమ్మకం: రూ.16,800
కరిగిన మైనం అమ్మకం (31 కిలోలు): రూ.1,860
మొత్తం: రూ.2,97,917

ఇంటికి 500 చొప్పున 212 ఇళ్ళు ఇవ్వాలి. 171 ఇళ్ళు పూర్తిగా ఇచ్చాయి. 23 ఇళ్ళు చేతనైనంత ఇచ్చాయి, అది 6,150. మిగిలిన 18 ఇళ్ళ నుంచి రాలేదు. ఇవ్వని వాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలని మీటింగులో ఒత్తిడి వచ్చింది. రాయలేదు, రాయబోం. ఆ 18లో మూడిళ్ళకు తాళాలే, మనుషులు కువైట్‌లో ఉన్నారు. పైగా ఫోన్‌పేలో పేరు తెలియకుండా నాలుగు మొత్తాలు వచ్చాయి, అవి ఎవరివో తేలకుండా ఎవరిని ఎగవేతదారు అంటాం? నిరుడు చందా ఒకరి సొంత నంబరుకు పంపించుకోవడం వల్ల ఏది ఇంటి డబ్బో ఏది గుడి డబ్బో తేల్చడానికి రెండు వారాలు పట్టింది. ఈ ఏడు క్యూఆర్ కోడ్ నేరుగా విచారణ బ్యాంకు ఖాతాది.

పూజ కానుకలు ఈ లెక్కలో ఎందుకు లేవని ప్రతి ఏడూ అడుగుతారు. అవి పండుగ డబ్బు కావు. చనిపోయిన వారి ఆత్మశాంతికనో, కృతజ్ఞతగానో ఫలానా ఉద్దేశంతో పూజ చేయించమని ఇచ్చేవి. ఒక్కో ఉద్దేశానికి ఒక్కో పూజ చేయాలి, అందుకని వాటికి ఫాదర్ గారి దగ్గర వేరే పుస్తకం ఉంటుంది. గురువు (ఫాదర్) ఒకే రోజు రెండు మూడు పూజలు చేసినా తనకోసం ఒక్క కానుకే ఉంచుకోగలరు (క్రిస్మస్ ఒక్కటే మినహాయింపు), మిగతాది మేత్రాసనం (బిషప్ గారి పరిధి) చెప్పిన పనికి పోతుంది. ఆ పుస్తకంలో కమిటీకి చేయి పెట్టే హక్కు లేదు.

హుండీని 9వ తేదీ ఉదయం ఫాదర్ గారు, ఇద్దరు కమిటీ సభ్యులు, ఉప గ్రామాల నుంచి ఒకరు, మరియదళం (ప్రార్థన సంఘం) నుంచి ఒకరు కలిసి విప్పారు. నోట్లు ఇద్దరు విడివిడిగా లెక్కబెట్టి, రెండు అంకెలూ కలిస్తేనే రాసుకున్నారు. చిరిగిన నోట్లు 340 రూపాయలవి బ్యాంకులో మార్చారు. అంగళ్ళలో పది రూపాయల బిళ్ళ తీసుకోవట్లేదని జనం హుండీలో వేసి చేతులు దులుపుకున్నట్టుంది, ఏకంగా 214 వచ్చాయి. ఆ బిళ్ళ చెల్లుతుంది, బ్యాంకు తీసుకుంది. రెండు వేల రూపాయల నోట్లు మాత్రం రెండు దొరికాయి. వాటిని మామూలు బ్యాంకు శాఖలో తీసుకోరు. పోస్టాఫీసు ద్వారా హైదరాబాదు రిజర్వు బ్యాంకుకు పంపితే ఖాతాలో వేస్తారు. పంపాల్సి ఉంది.

డబ్బు కాక వచ్చినవి: వెండి రేకు కళ్ళు, కాళ్ళు, చేతులు కలిపి 86 గ్రాములు. అమ్మలేదు, తూకం రాసి బీరువాలో పెట్టాం. అమ్మవారికి కట్టిన చీరలు 37. ఇందులో 30 చీరలు, పేదలకు సాయపడే విన్సెంట్ డి పాల్ సభ వాళ్ళు పంచారు, 7 మిగిలాయి.

ఇక ఖర్చు. మొత్తం రూ.2,27,570. పెద్దవాటితో మొదలుపెడతాం.

షామియానా, కుర్చీలు 38,000. మైక్ సెట్, లైటింగ్ 32,000. నిరుడు మైక్, లైటింగ్ కలిపి 24,000కే అయింది. ఈ ఏడు వినాయక చవితి ఆగస్టు 27న పడింది. మన జెండా ఎక్కేసరికి ఊళ్ళో ఉన్న మైక్ సెట్లన్నీ నిమజ్జనాలకు బుక్కయిపోయాయి. చవితి తేదీ క్యాలెండరులో ముందే ఉంది, జూన్‌లో అడ్వాన్స్ ఇచ్చి ఉంటే పాత రేటుకే వచ్చేది. జూలై ఆఖరున ఇచ్చాం, ఇది కమిటీ తప్పు. పూలదీ అదే కథ. 22,400 అయిన పూల ఖర్చులో సగానికి పైన మొదటి నాలుగు రోజులదే, నిమజ్జనాలు అయ్యాక చామంతి ధర దిగింది. వచ్చే ఏడు చవితి సెప్టెంబరు 14న, మన పండుగ అయిపోయాక వస్తోంది కాబట్టి ఈ పోటీ ఉండదు.

ప్రేమ విందు (పండుగ భోజనం) రూ.52,640. లెక్క 1,200 మందికి. బియ్యం 26 కిలోల మూటలు ఐదు (7,250), కందిపప్పు 22 కిలోలు (2,860), నూనె 4,480, కూరగాయలు, చింతపండు, మసాలా దినుసులు 9,150, కోడిగుడ్లు 40 ట్రేలు (7,600), గ్యాస్ పెద్ద సిలిండర్లు నాలుగు (7,000), ప్లేట్లు, నీళ్ళ క్యాన్లు 5,300, వంట కూలి 9,000. వంట కూలి 7,500కు మాట్లాడుకున్నాం. కానీ పండుగ ముందు రోజు, 7వ తేదీ రాత్రి చంద్రగ్రహణం. గ్రహణం విడిచి స్నానం చేస్తే తప్ప కూరగాయ మీద కత్తి పెట్టనని వంట మాస్టర్ తేల్చి చెప్పాడు. గ్రహణం విడిచేసరికి రాత్రి ఒకటిన్నర. మామూలుగా రాత్రి తొమ్మిదికి మొదలయ్యే తరుగుడు పని రెండింటికి మొదలైంది కాబట్టి అదనంగా నలుగురిని పెట్టాల్సి వచ్చింది. ఆ 1,500 అందుకు. ఆయన నమ్మకం ఆయనది, పూజ అయ్యేసరికి అన్నం మాత్రం వేడిగా ఉంది. వండని బియ్యం 14 కిలోలు సిస్టర్లకు అప్పజెప్పాం. కూరగాయల్లో 1,150కి బిల్లు లేదు, సంతలో కొన్నవి. ఇద్దరు సంతకం పెట్టిన ఓచరు ఉంది.

కొవ్వొత్తులు కొన్నది 9,600కి, అమ్మింది 16,800కి. మాత పాదాల దగ్గర వెలిగించకుండా పెట్టినవాటిని మళ్ళీ స్టాలులో అమ్ముతున్నారన్న మాట వినిపించింది. అమ్మలేదు. అవి 11 కిలోలు, ఏడాది పొడవునా గుడిలో వాడటానికి ఉంచాం. స్టాండు సంగతి చెప్పాలి. బొక్కలు మూడంగుళాల ఎడంతో ఉన్నాయి. 6వ తేదీ, మరియమాత భక్తికి ప్రత్యేకమైన మొదటి శనివారం కావడంతో జనం పోటెత్తి, బొక్కల మధ్య కూడా కొవ్వొత్తులు గుచ్చారు. దగ్గర దగ్గరగా ఉంటే ఒకదాని సెగకు ఇంకొకటి మెత్తబడి వంగుతుంది, మైనం ట్రేలో మడుగు కడుతుంది, వత్తులు అందులో పడి ట్రే మొత్తం అంటుకుంటుంది. అదే జరిగింది. ఎవరో కంగారులో చెంబుడు నీళ్ళు పోశారు, మంట ఇంకా ఎగిసింది. మండే మైనం మీద నీళ్ళు పోయకూడదు, ఇసుకే చల్లాలి. గోడ నల్లబడటం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. ఇకమీదట రెండు స్టాండ్లు, పక్కన ఇసుక బకెట్టు ఉంటాయి.

జనరేటర్ అద్దె 7,000, డీజిల్ 64 లీటర్లకు 6,210, టెంపరరీ మీటరు 4,850, కలిపి 18,060. తేరు వీధుల్లో పోయేటప్పుడు కరెంటు వాళ్ళు లైను ఆపుతారు కాబట్టి జనరేటర్ తప్పదు. నవదినాలకు వచ్చి ప్రసంగించిన గురువుల ప్రయాణం, ఆతిథ్యం 18,500. బ్యాండు 14,000. కరపత్రాలు, ఫ్లెక్సీలు 11,300 (మా మటుకు మాకు ఫ్లెక్సీలు ఎక్కువే అనిపించాయి). పారిశుధ్యం 6,900. పూజలో పంచే అప్పాలు, ద్రాక్షారసం, సాంబ్రాణి, బొగ్గు 4,170. వానాకాలం అప్పాల పొట్లం విప్పి వదిలేస్తే తేమకు మెత్తబడతాయి. ఒక పొట్లం అలాగే పాడైంది.

తేరు లెక్క వేరు. దాని కోసమని చెప్పి ఇచ్చినది 45,000, పై మొత్తంలో కలపలేదు. నిరుడు మలుపు దగ్గర తేరు ఎందుకు ఆగిపోయిందో విప్పి చూస్తే తెలిసింది: వెనక చక్రాల బేరింగుల్లో గ్రీజు ఎండి తుప్పు పట్టింది, బరువంతా వెనక్కి ఉండటంతో ఇరుసు మధ్యలో వంగింది. కొత్త ఇరుసు 7,200, చక్రానికి రెండు చొప్పున బేరింగులు ఎనిమిది 6,800, గట్టి రబ్బరు టైర్లు నాలుగు 9,600, వెల్డింగ్ కూలి 4,500, చెక్క, ప్లైవుడ్ 5,130, రంగు 3,650, ఎల్ఈడీ లైట్లు 2,400. మొత్తం 39,280. మాత స్వరూపం (విగ్రహం) పెట్టే పీటను ఒక అడుగు ముందుకు జరిపించాం. 7వ తేదీ సాయంత్రం ఆరున్నరకు కదిలిన తేరు ఎక్కడా ఆగకుండా తొమ్మిది నలభైకి గుడి చేరింది. పది దాటితే మైకుకు అనుమతి లేదు.

మిగిలిన 5,720 విందు ఖర్చులో సర్దేస్తే సరిపోతుందని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. సర్దలేదు. ఫలానా దానికని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని అదే తిరుసభ చట్టం 1267వ నిబంధన. అన్నం కూడా మంచి పనే కదా అంటే, ఇచ్చినవాళ్ళు ఇరుసుకని ఇచ్చారు. ఆ డబ్బు తేరు పేరు మీదే ఉంటుంది, వచ్చే ఆగస్టులో గ్రీజుకు, టార్పాలిన్‌కు వాడతాం.

పండుగ ఖాతా నిల్వ రూ.70,347. బ్యాంకులో 62,180, చేతిలో నగదు 4,167, ఆ రెండు వేల నోట్లు 4,000. ఇందులో 20,000 వైద్య సాయానికి విన్సెంట్ డి పాల్ సభకు ఇవ్వాలని తీర్మానం అయింది. ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఖర్చులో రాయలేదు.

బిల్లులు, ఓచర్లు సెప్టెంబరు 28, అక్టోబరు 5 ఆదివారాలు మొదటి పూజ అయ్యాక గుడి ఆఫీసులో ఎవరైనా చూడవచ్చు. ఫోన్‌పేలో పేరు తెలియని మొత్తాలు 500, 1,000, 350, 500. కలిపి 2,350, ప్రస్తుతానికి పండుగ రోజు కానుకల్లో చేర్చాం. మీవైతే ఫోనులో ఆ మెసేజ్ చూపించి రసీదు తీసుకోండి, చందా కింద మారుస్తాం.