ఆ లక్షన్నరకు నీ పేర రాసేది ఏమిటి?

చిరంజీవి బాబుకు అమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఆ ఎన్‌ఎఫ్‌టీ సంగతే, అంటే కంప్యూటర్ బొమ్మ ఒకటి నీదని చెప్పే ఆ డిజిటల్ టోకెన్ సంగతే, నా మనసులో తిరుగుతోంది. పదివేల బొమ్మల వరుసలో ఒకటి, ఒకప్పుడు పదిహేను లక్షలు పలికింది, ఇప్పుడు లక్షన్నరకే వస్తోంది, మళ్ళీ ఇంత తక్కువకు దొరకదు అన్నావు. బోనస్ డబ్బు మొత్తం అందులో పెడతానన్నావు. అప్పుడు నేనేమీ అనలేదు. ఫోనులో మాట్లాడితే నా గొంతులో కంగారే నీకు వినిపిస్తుంది, కారణాలు వినిపించవు. తెలియని విషయం మీద అభిప్రాయం చెప్పకూడదని దొరికినంత చదివాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజులు చదివినదాన్ని కాబట్టి నాకు ధర కంటే ముందు మరో ప్రశ్న తోస్తుంది. నీ పేర రాసేది ఏమిటి? ఏ సర్వే నంబరు, ఎన్ని గజాలు, నాలుగు హద్దులేవి, అమ్మేవాడికి ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఇవి సరిగా లేని కాగితం మీద ఎన్ని ముద్రలున్నా ఆ స్థలంలో ఒక రాయి కూడా పాతలేవు. మన దేశంలో రిజిస్ట్రేషన్ జరిగిందంటే లావాదేవీ నమోదైందని మాత్రమే అర్థం. ఆ ఆస్తి నీదేనని ప్రభుత్వం హామీ ఇచ్చినట్లు కాదు. ఇది తెలియక ఉన్నదంతా పోగొట్టుకున్నవాళ్ళు నకళ్ళ కోసం మా బల్ల ముందు నిలబడేవాళ్ళు. నువ్వు కొంటానన్న దాని గురించి చదువుతుంటే వాళ్ళ ముఖాలే గుర్తొచ్చాయి.

బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఆ నమోదు పుస్తకంలో, రాసింది ఎవరూ చెరపలేరని చెప్పావు. ఆ మాట ఒప్పుకుంటాను. కాని అక్కడ ఏం రాస్తున్నారో చూడు. చాలావాటిలో బొమ్మే ఉండదు. ఒక సంఖ్య, అది ఎవరి ఖాతాలో ఉందన్న వివరం, బొమ్మ దాచిన చోటుకు ఒక లింకు, అంతే. ఆ చోటును నడిపేవాళ్ళు మూసేస్తే నీ దగ్గర సంఖ్య మిగులుతుంది. 2022 నవంబరులో క్రిప్టో, అంటే డిజిటల్ డబ్బు, కొనడం అమ్మడం నడిపే ఎఫ్‌టీఎక్స్ సంస్థ దివాలా తీసినప్పుడు ఇదే జరిగింది. దాని వేదిక మీద తయారైన టోకెన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, లింకు నొక్కితే మాత్రం దివాలా వ్యవహారాల పేజీ తెరుచుకుంది. కోచెల్లా సంగీతోత్సవానికి జీవితకాల ప్రవేశం వస్తుందని జనం కొన్నవి కూడా అదే వేదిక మీద ఉండేవి. కొన్ని వరుసల బొమ్మలను ఐపీఎఫ్ఎస్ పద్ధతిలో, అంటే ఒకే సంస్థ చేతిలో కాకుండా వేర్వేరు కంప్యూటర్లలో, దాస్తారట. అది మెరుగే, కాని అక్కడ కూడా ఆ ఫైలును ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకుని నిలిపి ఉంచాలి. నువ్వు కొనేదాన్ని ఎవరు నిలుపుతున్నారు? ఎన్నాళ్ళు నిలుపుతామని రాసిచ్చారు? అమ్మేవాణ్ణి అడిగావా?

ఇక కాపీరైట్. బొమ్మ నాదే కదా, టీషర్టు మీద వేసుకుని అమ్ముకుంటాను అన్నావు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు ఒకరి నుంచి మరొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. టోకెన్ నీ ఖాతాలోకి వచ్చినంత మాత్రాన అది రాదు. కొన్ని సంస్థలు వాడుకోవడానికి అనుమతి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు, కొన్ని మధ్యలో నిబంధనలు మారుస్తాయి. ఇదంతా ఆ నిబంధనల పేజీలోనే ఉంటుంది. నువ్వు దాన్ని తెరిచి చూడలేదని నీ మాటల్లోనే తెలిసింది.

ధర గురించి నువ్వన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. పదిహేను లక్షలది లక్షన్నరకు వస్తోందంటే, పదమూడున్నర లక్షలు మిగిలినట్లు అనుకుంటున్నావు. ఆ పదిహేను లక్షలు నిజంగా ఎవరు ఎవరికి ఇచ్చారు? 2021 అక్టోబరులో క్రిప్టోపంక్ 9998 అనే బొమ్మ 53 కోట్ల డాలర్లకు అమ్ముడైనట్లు నమోదైంది. తీరా చూస్తే ఒకే మనిషి, అప్పు తెచ్చిన సొమ్ముతో తన ఖాతాల మధ్యే అమ్మి, కొని, ఆ అప్పును అక్కడికక్కడే తీర్చేశాడు. నమోదులో తప్పేమీ లేదు, అమ్మకమే ఉత్తిది. వెంచర్లలో గజం ధర పెంచి చూపడానికి బావమరుదుల మధ్యే నాలుగు ప్లాట్లు చేతులు మార్చేవాళ్ళ దస్తావేజులు నేను చదివాను, వాటిలోనూ అక్షరం తప్పు ఉండేది కాదు.

ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ రాసిన మొదటి ట్వీట్ సంగతి కూడా చదువు. 2021 మార్చిలో ఒక వ్యాపారి దాని ఎన్‌ఎఫ్‌టీని 29 లక్షల డాలర్లు పెట్టి కొన్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 4 కోట్ల 80 లక్షల డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. గడువు ముగిసేసరికి వచ్చిన పెద్ద బేరం 300 డాలర్ల లోపే. ప్రపంచంలో అలాంటిది మరొకటి లేదు, అయినా కొనేవాడు రాలేదు. ఒక్కటే ఉన్నదానికే అలా జరిగితే పదివేలలో ఒకటి కొని, ముందు ముందు ఎవరో వస్తారని ఎదురు చూడమంటావా?

నువ్వు విఘ్నేశ్ సుందరేశన్ పేరు చెప్పావు. మన పక్క తమిళనాడు నుంచి వెళ్ళినవాడే, 2021 మార్చిలో క్రిస్టీస్ సంస్థ వేలంలో బీపుల్ అనే చిత్రకారుడి ఎన్‌ఎఫ్‌టీ చిత్రానికి 6 కోట్ల 93 లక్షల డాలర్లు పెట్టాడు. నిజమే. కాని ఆయన క్రిప్టో వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్న మనిషి. ఆ రంగానికి పేరు వస్తే ఆయన మిగతా ఆస్తికీ విలువ పెరుగుతుంది. నీకు నెల జీతం ఉంది, ఈ బోనస్ ఉంది. ఆయన లెక్క నీకు సరిపోదు.

అరుదైనది కాబట్టి విలువ అంటారు. అరుదని నిర్ణయించేది ఎవరు? కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ ఆటలో అలంకారపు కత్తులు, తుపాకుల తొడుగులు వేల డాలర్లకు చేతులు మారతాయి కదా. 2025 అక్టోబరులో ఆ ఆటను నడిపే వాల్వ్ సంస్థ ఒక చిన్న మార్పు చేసింది. ఎర్ర శ్రేణి తొడుగులు ఐదు ఇస్తే, అప్పటిదాకా అరుదుగా దొరికిన కత్తి పుచ్చుకోవచ్చు అంది. ఒక్క రోజులో కత్తుల ధరలు కుప్పకూలాయి. ఎవరూ మోసం చేయలేదు, నిబంధన మార్చే అధికారం సంస్థకు ఉంది. స్టార్‌బక్స్ కూడా ఇలాంటి డిజిటల్ స్టాంపులతో ఒడిస్సీ అనే పథకం నడిపి, 2024 మార్చి 31న మూసేసింది. అంత పెద్ద సంస్థే వదిలేసింది. నువ్వు కొంటున్నవాళ్ళు అంతకంటే గట్టివాళ్ళా?

పన్ను లెక్క నువ్వు వేసుకున్నట్లు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి ఆస్తుల మీద లాభానికి 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయనివ్వరు. నష్టం వస్తే దేనితోనూ సర్దుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. యాభై వేలు లాభం వస్తే పదిహేను వేలకు పైగా పోతుంది. యాభై వేలు నష్టం వస్తే మొత్తం నీదే. పన్ను శాఖ 2022 జూన్ 30 నాటి ప్రకటనను రెండు మూడుసార్లు చదివాను. చేతితో తాకగల వస్తువు యాజమాన్యం చట్టపరంగా బదిలీ అయ్యే ఎన్‌ఎఫ్‌టీలను ఈ పన్ను పరిధి నుంచి తప్పించారు. నేను మొదట అడిగిన ప్రశ్నే అందులో కనిపించింది. నువ్వు కొనేదాని వెనక అలాంటి వస్తువేదీ లేదు.

తాతయ్య నాణేలు సేకరించలేదా అని అడిగావు. సేకరించారు. అవి పెట్టెలో ఉన్నాయి, అమ్మిన దుకాణం మూతపడినా ఉన్నాయి. ఒక చిత్రకారుడి పని నీకు నచ్చి, అతనికి అండగా ఉండాలని వెయ్యో రెండు వేలో పెట్టి అతని టోకెన్ కొంటే నేను సంతోషిస్తాను. ఆ డబ్బు తిరిగి రావాలని నువ్వు అనుకోవు కాబట్టి నీకు నష్టమూ ఉండదు. కాని నువ్వు ఫోనులో మాట్లాడినంతసేపూ ఆ బొమ్మ ఎలా ఉంటుందో ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరు గీశారో చెప్పలేదు. ధర మాత్రమే చెప్పావు.

నీ సంపాదన నీది, నాన్నా. వద్దని శాసించను. కొనే ముందు ఒక పని చెయ్యి. నీ స్నేహితులిద్దరూ ఇప్పటికే కొన్నారన్నావు కదా. వాళ్ళలో ఒకరిని తన బొమ్మను ఈ వారం నిజంగా అమ్మి చూడమను. తెర మీద కనిపించే ధర నాకు వద్దు. ఫీజు, పన్ను పోగా బ్యాంకు ఖాతాలో ఎంత పడిందో కనుక్కో. ఆ నిబంధనల పేజీ కూడా నాకు పంపు, చివరి పంక్తి దాకా చదివి ఏముందో చెబుతాను.

ఆశీస్సులతో
అమ్మ